స్వర్ణోత్సవ సంచికలో మా అమ్మలు ఎక్కడున్నారు?

ఆ సంచిక మా చేతికి వచ్చి ఏడాది దాటింది. శబరి పక్కన మా మండలంలో ఉన్న ఆర్.సి.ఎం. ప్రాథమిక పాఠశాల యాభై ఏళ్ల పండుగకు వేసిన పుస్తకం అది. దళసరి కాగితం, రంగుల అట్ట. మొదట బిషప్ గారి ఆశీస్సులు, తర్వాత వరుసగా ఫాదర్లు, సిస్టర్లు, కట్టిన గదులు, బోరు వేసిన సంవత్సరం. చివర ఇక్కడ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ల జాబితా. ఆ జాబితాలో మా పేర్లూ ఉన్నాయి. మాలో నలుగురం ఆ బడిలోనే అక్షరాలు దిద్ది, తర్వాత డి.ఎడ్. చేసి, ఇప్పుడు సర్కారు బడుల్లో పాఠాలు చెబుతున్నాం. పేర్లు చూసుకుని సంతోషపడ్డాం. ఆ తర్వాత మా అమ్మానాన్నల కోసం పేజీలు తిప్పాం.

ఒక్క ఫొటోలో దొరికారు. దుప్పట్ల పంపిణీ ఫొటో అది. పదిమంది ఆడవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. కింద ‘లబ్ధిదారులు’ అని ఉంది. దుప్పటి ఇస్తున్న ఫాదర్ గారి పేరు ఉంది, పక్కన నిలబడ్డ దాత పేరు ఉంది, తీసుకుంటున్నవాళ్ల పేర్లు లేవు. అందులో ముగ్గురిని మేము గుర్తుపట్టాం. ఒకామె మాలో ఒకరికి మేనత్త. ఆ బడికి పునాది తవ్విన రోజుల్లో ఇసుక మోసింది ఆమె. కూలి తీసుకోలేదు. ‘మన పిల్లల బడి గదా’ అన్నారట ఊరి పెద్దలు.

మా విమర్శ ఆ ఒక్క మాట మీద. బడి పేరు రాయడం లేదు. ఇది ఒక్క బడి సంగతి కాదు. పైగా మా పిల్లలు, చుట్టాల పిల్లలు ఇంకా అక్కడ చదువుతున్నారు.

ముందు ఆ బడి చేసింది చెప్పాలి. అది మొదలైనప్పుడు మా ప్రాంతం వరంగల్ మేత్రాసనంలో ఉండేది. 1952లో ఏర్పడిన ఆ మేత్రాసనం నుంచి 1988లో ఖమ్మం మేత్రాసనం విడిపోయింది. ప్రభుత్వ లెక్కల్లో చూస్తే 2014లో మమ్మల్ని ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మార్చారు. ఆఫీసుల బోర్డులు మారాయి, సర్టిఫికెట్లు మారాయి. ఆర్.సి.ఎం. బడి గంట మాత్రం అదే. మా చిన్నప్పుడు మా ఊరి సర్కారు బడి కాగితం మీదే ఉండేది. పంతులు వానాకాలం పోయాక వచ్చేవాడు. సిస్టర్లు వానాకాలంలోనే వచ్చేవాళ్లు, చెప్పులు చేతబట్టుకుని, బురదలో. ఆడపిల్లను బడికి పంపమని మా గడపల్లో కూర్చుని అడిగింది వాళ్లే. మలేరియా జ్వరానికి మాత్ర ఇచ్చిందీ వాళ్లే.

పోయిన వేసవిలో, తునికాకు పని అయిపోయాక, మేము కొన్ని ఇళ్లకు వెళ్లి కూర్చున్నాం. సర్వే చేయలేదు, ఫారాలు నింపలేదు. ‘ఆర్.సి.ఎం. బడితో మీకేం జరిగింది?’ అని అడిగాం, అంతే. ఒక పెద్దమ్మ వెంటనే అంది: ‘సిస్టరమ్మ నా బిడ్డ తలలో పేలు తీసింది. మా ఊరికి వచ్చిన ఏ ఆఫీసరు మా బిడ్డను ముట్టుకున్నాడు?’ ఈ మాట ఆ సంచికలో లేదు. అందులో ఉన్న ‘నిస్వార్థ సేవ’, ‘అజ్ఞానపు చీకట్లు’ లాంటి మాటలన్నిటికన్నా ఇది ఎంతో పెద్ద మెప్పు. సంచిక వేసినవాళ్లు ఈమెను ఒక్కసారి అడిగి ఉంటే తమ బడికే మంచి జరిగేది.

మరి అదే ఇంట్లో, అదే సాయంత్రం, ఆమె కొడుకు చెప్పిన సంగతి ఇది. ఒకటో తరగతిలో అతనికి దాహం వేసింది. చేయెత్తి ‘ఏరు’ అన్నాడు. మా కోయలో ఏరంటే నీళ్లు. టీచరుకు వచ్చిన తెలుగులో ఏరంటే వాగు, నది. వానలకు శబరి పొంగి ఉంది. ‘ఏటికి పోతావా? మునిగి చస్తావా?’ అని ఆమె భయపడింది, భయంలో కొట్టింది. సాయంత్రం గంట కొట్టేదాకా పిల్లవాడు నీళ్లు తాగలేదు. ఆ టీచరమ్మ చెడ్డది కాదు, అతనే అన్నాడు. పిల్లవాడి ప్రాణం కోసమే కొట్టింది. కానీ ఆమెకు ఒక్క కోయ మాట ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవాలని చెప్పినవాళ్లూ లేరు. తర్వాతి ఏళ్లలో కోయ మాట్లాడితే బల్ల మీద పేరు రాసేవాళ్లట. ఐదుసార్లు పేరు పడితే ఆదివారం ఆటస్థలంలో రాళ్లు ఏరాలి.

‘నువ్వు ఇంట్లో చెప్పలేదా?’ అని అడిగాం. అతను నవ్వి తండ్రి వైపు చూశాడు. తండ్రి చెప్పింది మేము ఇప్పటికీ మరిచిపోలేదు. ‘అడగడానికే పోయినా. ఫాదర్ గారు కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. ఆ జన్మలో నాకు ఎవరూ కుర్చీ వేయలేదు. ఇంకేం అడుగుతా? తాగి వచ్చేసినా.’

ఈ మాట మాకు చాలా ఇళ్లలో వినబడింది, ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా. బియ్యం ఇచ్చారు గదా, ఎట్లా అడుగుతాం. మందు ఇచ్చారు గదా. హాస్టల్లో ఊరికే పెట్టుకున్నారు గదా. షావుకారి దగ్గర బాకీ ఉన్నవాడు కాటా తప్పని తెలిసినా నోరెత్తడు. బడి దగ్గరా మావాళ్లు అట్లాగే ఉన్నారు. షావుకారు మోసంతో చేశాడు, బడి ప్రేమతో చేసింది, కానీ మా నోరు మాత్రం రెండుచోట్లా మూతబడింది. ‘లబ్ధిదారులు’ అనే మాటలో ఉన్నది ఇదే. తీసుకున్నవాడికి అడిగే హక్కు ఉండదని ఆ మాట ముందే తేల్చేస్తుంది. ఇసుక మోసిన మా మేనత్త ఇచ్చినామె కూడా అని సంచిక వేసినవాళ్లకు తట్టలేదు.

కతోలిక సభ సొంత పత్రాలు అట్లా చెప్పవు. రెండో వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్య గురించి వెలువరించిన ప్రకటన తల్లిదండ్రులనే పిల్లల మొదటి, ముఖ్య గురువులుగా గుర్తించాలంటుంది. బడి వాళ్లకు తోడు మాత్రమే. 1965 తర్వాత కట్టిన బడి ఇది. మొదటి గురువులకు అరవై డెబ్బై పేజీల సంచికలో ఒక్క పేజీ రాలేదు.

దేవుడి సంగతి మేము దాటవేయడం లేదు. బయటివాళ్లు మొదట అడిగేది అదే: ‘మతం మార్చారా?’ మా ఇళ్లలో జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లున్నారు, తీసుకోనివాళ్లూ ఉన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. అన్నం ముందు మనవడు ప్రార్థన చెబితే తాతకు ముచ్చటే. మావాళ్లను నొప్పించింది వేరేది. మా కొత్తల పండుగకు బడికి సెలవు లేదు. ఆ రోజు రాని పిల్లలను మర్నాడు నిలబెట్టేవాళ్లు. ఇంకా పెద్ద నొప్పి, హాస్టలు నుంచి పండక్కి వచ్చిన పిల్ల ఇలవేల్పుకు పెట్టిన అన్నం ముట్టనంది. అది దయ్యానిదని సత్యోపదేశంలో చెప్పారట. వాళ్ల అవ్వ ఆ సంగతి చెబుతూ దయ్యం అనే మాట దగ్గర గొంతు తగ్గించింది. ముప్పై ఏళ్ల కిందటి సంగతి అది. ఇప్పుడున్న ఫాదర్లు అట్లా మాట్లాడరని కూడా ఆమే అంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో పిల్లలకు మతబోధ చేయాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆ అవ్వ సమ్మతి ఇచ్చిందా? దరఖాస్తు కింద వేలిముద్ర వేసింది. అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు.

ఇది రాస్తుంటే ఒక భయం ఉంది. క్రైస్తవం తీసుకున్న ఆదివాసులను షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తీసేయాలని కొందరు తిరుగుతున్నారు. మా మాటలు వాళ్ల సభల్లో వినబడతాయేమోనని మాలో ఒకరు ఈ వ్యాసమే వద్దన్నారు. అందుకే స్పష్టంగా చెబుతున్నాం. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. గుడికి పోయినా చర్చికి పోయినా మేము ఆదివాసులమే. మా అవ్వ నొప్పి మాది, దాన్ని ఎత్తుకుపోయి మా చెల్లెలి సర్టిఫికెట్టు చింపడానికి వాడుకునే హక్కు ఎవరికీ లేదు. అట్లాగే మా ప్రాంతపు యువకుడొకడు కెనడా సంగతి తెచ్చాడు. అక్కడి ఆదివాసుల పిల్లలను 1920లో చట్టం చేసి మరీ రెసిడెన్షియల్ బడులకు పంపించారు. ఆ బడుల్లో జరిగినదానికి 2022లో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లి క్షమాపణ అడిగారు. మా కథ అది కాదు. ఇక్కడ ఎవరూ మా పిల్లలను లాక్కుపోలేదు. మేమే చేయి పట్టుకుని తీసుకుపోయి అప్పజెప్పాం. కాబట్టే మాకు అడగడం ఇంకా కష్టమైంది.

ఇప్పటి సంగతి ఇంకో తీరు. బడి ఇంగ్లిష్ మీడియం అయింది, ఫీజు వచ్చింది, వ్యాన్లు వచ్చాయి, సెంటర్లో దుకాణాలవాళ్ల పిల్లలు వచ్చారు. పూర్వం సిస్టరు ఇంటికి వచ్చేది, ఇప్పుడు తల్లిని నోటీసు పంపి పిలుస్తున్నారు. ఇంగ్లిషులో ఉన్న ప్రోగ్రెస్ కార్డు మీద తల్లి సంతకం పెట్టి వస్తుంది. ‘ఏం చెప్పారమ్మా?’ అంటే ‘ఫీజు తేదీ చెప్పారు’ అంటుంది. డబ్బు కట్టేవాళ్లు అడగవచ్చు గదా అనుకుంటాం. అడగరు. పాత టీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

ఇక మా వంతు. మాలో ముగ్గురి పిల్లలు ఆ బడిలోనే ఉన్నారు. పొద్దున వాళ్లను వ్యాను ఎక్కించి మేము సర్కారు బడికి పోతాం. 2009 విద్యాహక్కు చట్టం మా బడుల్లో యాజమాన్య కమిటీ పెట్టమంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని తేల్చింది. అంటే ఆర్.సి.ఎం. బడి కమిటీ పెట్టకపోయినా చట్టం అడగదు. మా బడిలో చట్టం అడుగుతుంది, రిజిస్టరు ఉంది, సంతకాలున్నాయి. తీర్మానాలు మేమే రాసి ఇళ్లకు తీసుకుపోయి సంతకం పెట్టించుకున్న రోజులూ ఉన్నాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో కలిపి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు బోధన మొదలుపెట్టినప్పుడు మాలో ఒకరు శిక్షణకు వెళ్లారు. ఆ వాచకాలు ఇప్పుడు మా బడి బీరువాలో ఉన్నాయి. కోయ వచ్చిన మేమే తరగతిలో తెలుగు మాట్లాడతాం. ‘ఏరు’ అన్న పిల్లవాడికి మేము నీళ్లిస్తాం, నిజమే. ఇచ్చి, ‘నీళ్లు అనాలి’ అని దిద్దుతాం. ఏరు అనే మాటను నల్లబల్ల మీద ఒక్కనాడూ రాయలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి పట్టుకుని పోయిన నెల ఆ బడి ప్రధానోపాధ్యాయురాలైన సిస్టరు దగ్గరకు వెళ్లాం. చెప్పకుండా అచ్చు వేయడం మర్యాద కాదనిపించింది. కుర్చీలు వేశారు. టీ వచ్చింది. ఈసారి ముందు చదివాం, తర్వాత తాగాం.

ఆమె జార్ఖండ్ నుంచి వచ్చినామె, ఉరావ్ ఆదివాసి. మా తెలుగు కొంత అర్థమైంది, కొంత అడిగి తెలుసుకుంది. దయ్యం సంగతి దగ్గర ఏమీ అనలేదు, తల వంచుకుంది. ఫీజు సంగతి దగ్గర వాదించింది, జీతాలెట్లా ఇవ్వాలని అడిగింది. అందులోనూ నిజముంది. ‘ఏరు’ కథ దగ్గర మాత్రం ఆపి మళ్లీ చెప్పించుకుంది. వాళ్ల కుడుఖ్ భాషలో నీళ్లను ‘అమ్మ్’ అంటారట. చిన్నప్పుడు బడిలో దాహం వేసి ‘అమ్మ్, అమ్మ్’ అని ఏడిస్తే, హిందీ పంతులు తల్లి కోసం ఏడుస్తోందనుకుని, ‘సాయంత్రం పోదువులే’ అని కూర్చోబెట్టాడట. చెబుతూ నవ్వింది. కాసేపటికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

కొత్తల పండుగ వెళ్లిన తర్వాతి ఆదివారం తల్లిదండ్రులను పిలుస్తానంది. నోటీసు తెలుగులో రాయమని మాకే అప్పజెప్పింది. ఆ సభలో ఫాదర్ గారు మాట్లాడరు, వింటారు అని రాయమంది, మేము అట్లాగే రాశాం. దుప్పట్ల ఫొటోలోని మా మేనత్త వస్తానంటోంది. ‘కోయలోనే మాట్లాడతా, కావాలంటే మీరు తెలుగులో చెప్పుకోండి’ అంది.