ఇంటి మీడియా సర్వరుకు ఏ ఆపరేటింగు సిస్టము?

ఇంటిలో ఒక కంప్యూటరును మూల పెట్టి, అందులో సినిమాలు, పాటలు, కుటుంబపు ఫొటోలు భద్రపరచి, టెలివిజనుకును చేతి ఫోనుకును అందించు ఏర్పాటునకు మీడియా సర్వరని పేరు. దీనికి ఆపరేటింగు సిస్టమును ఎన్నుకొనునపుడు చాలమంది తెరపై కనబడు హంగులనే పోల్చుచుందురు. బొమ్మను చూపునది జెల్లీఫిన్ వంటి వేరొక ప్రోగ్రాము. అది ఇక్కడ చెప్పబోవు మూడింటిపైనను నడచును. డిస్కు ఒకటి చెడిననాడు ఏమగునన్నదే అసలు పరీక్ష.

ఇందలి సూత్రము హైస్కూలు విద్యార్థికి సుబోధమే. మూడు డిస్కులలో ఒకే స్థానమున 1, 0, 1 అంకెలున్నవనుకొందము. 1ల సంఖ్య సరిసంఖ్య యగునట్లు నాల్గవ డిస్కుపై 0 వ్రాయుదురు. మొదటి డిస్కు పాడైనచో మిగిలినవి 0, 1, 0. సరిసంఖ్య కావలెనన్న, పోయినది 1 అని తేలును. ఇదే పారిటీ.

అన్‌రెయిడు తన సొంత పద్ధతిలో పారిటీని ఒక పెద్ద డిస్కుపై విడిగా ఉంచును. 4, 8, 8 టెరాబైట్ల డిస్కులున్నచో మనకు 12 దక్కును. ట్రూనాసు వాడు జెడ్‌ఎఫ్‌ఎస్‌లో, ఒక డిస్కు నష్టమునకు తట్టుకొనునట్లు ఈ మూడింటిని కలిపినచో, అన్నియు చిన్నదానితో సమముగా లెక్కకు వచ్చి 8 మాత్రమే దక్కును. జీతములో మిగిల్చి ఏటికొక డిస్కు కొనువారికి ఇది చిన్న నష్టము కాదు. పైగా రెండు డిస్కులు ఒకేసారి చెడినచో అందు సర్వమును పోవును. అన్‌రెయిడులో చెడని డిస్కులోని ఫైళ్ళు మిగులును.

అంతమాత్రమున అన్‌రెయిడే మేలనుట తొందరపాటు. డిస్కు పూర్తిగా చెడక, ఒక అంకె నిశ్శబ్దముగా మారినచో, పారిటీ తప్పున్నదని చెప్పును గాని అది ఏ డిస్కుదో చెప్పజాలదు. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో వెలువరించిన జెడ్‌ఎఫ్‌ఎస్, ప్రతి భాగమునకు సరిచూచుకొను సంఖ్య నొకదానిని వ్రాసియుంచుటచే, తప్పును పట్టి తానే దిద్దును. సినిమాలో ఒక చుక్క చెదరిన నెవరికిని పట్టదు. తాతగారి ఒకే ఒక్క ఫొటో సగము చెరిగిపోయినచో మరల ఎవరు తెత్తురు?

కనుక సినిమాలే ఎక్కువగా గల ఇంట, వెల పెట్టి కొనవలసినదైనను, అన్‌రెయిడు తగును. ఫొటోలు ప్రాణమైనచోట ట్రూనాసు. పొరపాటున తుడిచివేసిన ఫైలును మాత్రము ఏ పారిటీయు తెచ్చి యీయలేదు. ఆ తుడిచివేతను కూడ అది వెంటనే లెక్కకెక్కించుకొనును. అందుచేత వెల లేని డెబియనుపై ఒక్కొక్క డిస్కును విడిగా వాడుకొని, ప్రతిదానికి ఒక నకలును బంధువుల ఇంట దాచుట నాకు ఈ రెండింటికన్న నచ్చినది. సర్వరు కాలిపోయినను ఆ నకలును మరియొక లినక్సు కంప్యూటరుకు తగిలించి చదువుకొనవచ్చును.