గురజాల దారి పట్టిన విశ్వాసమా

విశ్వాసమా, నీ పుట్టిల్లు పాలస్తీనా కావచ్చు. మా పల్నాటికి మాత్రం నువ్వు చుట్టుదారిన వచ్చావు. జర్మనీలో హాలే పట్నం, అట్లాంటిక్ అవతల ఫిలడెల్ఫియా, మళ్ళీ సముద్రం, గుంటూరు, ఆ పైన నల్లరేగడిలో బండి చక్రం దిగబడే గురజాల బాట. నిన్ను స్తుతించేవాడు ఆ దారంతా నీ వెంట నడవాలి.

హాలే పేరు మనకు కొత్తదేమీ కాదు. మద్రాసులో ఉండి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ ఆ ఊరు చేరాకే, 1746లో, మన అక్షరం తొలిసారి అచ్చుకెక్కింది. నీ మాటలు చెప్పడానికే ఎక్కింది. అదే హాలే నుంచి 1742లో హెన్రీ మెల్కియోర్ ముహ్లెన్‌బర్గ్ అనే పాస్టరును అమెరికాకు పంపావు. 1748లో ఆయన పెన్సిల్వేనియాలోని లూథరన్ సంఘాలను ఒక్క మాట మీదికి తెచ్చాడు.

ఆయన కొడుకుల చేతికి బైబిలుతో పాటు ఒక దేశమూ వచ్చింది. పీటరు వర్జీనియాలో పాస్టరు. ప్రసంగం ముగించి పాస్టరు అంగీ విప్పితే లోపల సైనికుడి దుస్తులు కనబడ్డాయని కథ. కథ సంగతి ఎలా ఉన్నా, వాషింగ్టన్ సేనలో ఆయన దళాలు నడిపిన మాట నిజం. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా పాస్టరే. 1789లో అమెరికా ప్రతినిధుల సభకు తొలి స్పీకరయ్యాడు. ప్రభుత్వం ఏ మతాన్నీ తన మతంగా నిలబెట్టకూడదనీ, ఎవరి ఆరాధనకూ అడ్డు రాకూడదనీ చెప్పే హక్కుల ప్రతి మీద స్పీకరుగా ఆయన సంతకం ఉంది. నువ్వు ఆ దేశానికి ఇచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ సంతకమే. గద్దె మీద కూర్చుని కూడా గద్దె నాకు వద్దన్నావు!

నిన్ను పొగుడుతూ నీ మచ్చ దాచలేను. ఆ దేశంలోనే నీ పుస్తకం చంకన పెట్టుకుని మనుషుల్ని సంతలో అమ్మినవాళ్ళున్నారు. సంకెళ్ళలో ఉండి నిన్ను పాడుకున్నవాళ్ళూ ఉన్నారు. ఫిలడెల్ఫియాలో మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్న నల్లవాళ్ళను లేపి పక్కకు పొమ్మన్న గుడి ఒకటుంది. ఆ గుడి గడప దిగిపోయిన రిచర్డ్ అలెన్ 1816లో తనవాళ్ళకు వేరే సంఘమే కట్టాడు. పల్నాటివాడికి ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ముహ్లెన్‌బర్గ్ అమెరికాలో దిగిన నూరేళ్ళకు, ఆయన కూర్చిన సంఘమే ఒక మనిషిని మా మీదికి పంపింది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్. జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్ళ వయసులో ఫిలడెల్ఫియా చేరినవాడు. అమెరికా పడమటి పల్లెల్లో గుర్రం మీద ఊరూరూ తిరిగి సువార్త చెప్పినవాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మనవలను ఆడించుకోవలసిన ఈడులో, బోస్టన్‌లో ఓడెక్కి 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అమెరికా లూథరన్లు పరదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. కలెక్టరు హెన్రీ స్టోక్స్ చేయందించాడు. 1846లో తిరిగి వెళ్ళి, ఊరికే కూర్చోక బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని, మందులపెట్టెతో మళ్ళీ వచ్చాడు. 1849లో గురజాలలో కాపురం పెట్టాడు.

గుంటూరులో చల్లగా ఉండలేకపోయావా, హేయరయ్యా? పల్నాడంటే నాపరాయి, జొన్నకూడు, నీళ్ళకు కోసుల నడక. రెంటచింతల ఎండను ఇవాళ్టికీ రాష్ట్రమంతా కథలుగా చెప్పుకుంటుంది. అయినా నీకు చెవి ఒగ్గిన జనం ఇక్కడే దొరికారు. అగ్రహారాలు నిన్ను విని తల పంకించి ఊరుకుంటే, మాలపల్లె నిన్ను లోపలికి రమ్మంది. ఊరి బావి దగ్గర చేద ముట్టనియ్యని మనిషిని నీళ్ళతో తడిపి పేరు పెట్టి పిలిచావు. ఆ పిలుపు విన్నవాడి గుండెలో ఏమైందో ఏ మిషన్ రిపోర్టుకూ అందదు.

ఆ తర్వాత, విశ్వాసమా, నువ్వు దొరల నోట కన్నా మావాళ్ళ నోటనే ఎక్కువ పలికావు. ఉపదేశి చింతచెట్టు కింద పలక పట్టించాడు. బైబిలు స్త్రీ తెల్లచీర కట్టుకుని, ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో గొడుగు పట్టుకుని గడప గడపా తిరిగింది. 1861లో అమెరికా రెండుగా చీలి కొట్టుకుంటుంటే నీకు అక్కణ్ణుంచి డబ్బు రావడం సన్నగిల్లింది. అక్కడి పత్తి ఆగిపోయి ఇక్కడి పత్తికి ధర పెరగడం మరో వింత. ఆ గడ్డురోజుల్లో ఎరియాస్ ఉనాంగ్‌స్ట్ లాంటి ఒకరిద్దరు మిషనరీలు దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టారు. ముసలి హేయర్ సంగతి చెప్పాలా? 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, రాజమండ్రి మిషన్ చెయ్యి దాటిపోతోందని తెలిసి నేను వెళ్తానంటూ మూడోసారి ఓడెక్కాడు!

ఈ నేలకు నువ్వు పూర్తిగా కొత్తా అంటే, కాదంటాను. నువ్వు రావడానికి ఆరు వందల ఏళ్ళ పైచిలుకు ముందే మాచర్ల చెన్నకేశవుడి సన్నిధిలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని వీరవిద్యవంతులు పాడతారు. మాల కన్నమదాసును కొడుకన్నాడనీ, సేనకు ముందు నిలిపాడనీ పాడతారు. ఆ కూటికి నాగులేటి ఒడ్డున, కారెంపూడిలో, నెత్తుటితో ధర చెల్లించారు. నువ్వు తెచ్చిన ప్రభు భోజనపు బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు, అందులో జొన్న వాసన తగిలిన ముసలివాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నా ఊహ.

నరసరావుపేటకు నువ్వు ఇంకో గొంతుతోనూ వచ్చావు. 1636లో మసాచుసెట్స్ గెంటేస్తే ప్రావిడెన్స్ కట్టుకుని, మనస్సాక్షి మీద రాజుకు పెత్తనం లేదన్న రోజర్ విలియమ్స్ గొంతు అది. అతని బాప్టిస్టు వంశం నెల్లూరు, ఒంగోలు మీదుగా నడిచింది. గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. కరువు కూటి కోసమే చేరారని ఎగతాళి చేసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు: కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1883కల్లా ఆ మిషన్ నరసరావుపేటలో, వినుకొండలో దిగింది.

అయితే ఫిలడెల్ఫియాలో అలెన్ వాళ్ళను పక్కకు నెట్టిన చెయ్యి ఇక్కడికీ వచ్చింది. లూథరన్ గుడిలో ఎక్కువగా మాలలు, బాప్టిస్టు గుడిలో ఎక్కువగా మాదిగలు. పల్లెకూ పల్లెకూ మధ్య ఉన్న పాతగోడ మీద రెండు సిలువలు నిలబెట్టి ఊరుకున్నావు. పెళ్ళిసంబంధాల దగ్గర ఇప్పటికీ ఆ గోడ ముందు తల వంచుతావు. ఇది నీ ముఖానే అంటున్నాను. స్తోత్రం పాడేవాడికి ఆ చనువుంటుంది.

గోడకు అడ్డంగా ఒక బిడ్డ పుట్టాడు. 1895లో, వినుకొండలో. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇంట్లో క్రీస్తు. గుర్రం జాషువా. గుంటూరు లూథరన్ పాఠశాలలో ఏళ్ళకేళ్ళు తెలుగు చెప్పాడు. హిందువులు అంటరానివాడన్నారు, పురాణకథలు రాస్తున్నాడని క్రైస్తవులు చిరాకుపడ్డారు. ఆయన గబ్బిలంతో కాశీకి కబురంపాడు, నీ ప్రభువు కథను తెలుగు పద్యంలో పెట్టాడు. ఆ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యుడయ్యాడు. ఫిలడెల్ఫియా పాస్టరు కొడుకు స్పీకరు కుర్చీ ఎక్కడం నీ కీర్తే. అంటరానివాడన్న మనిషి పద్యం పట్టుకుని చట్టసభ గడప తొక్కడం అంతకన్నా పెద్ద కీర్తి.

ఆ జాషువా కూతురు హేమలత నాస్తికుడు గోరా ఇంటికి కోడలైంది. భర్త లవణంతో కలిసి జోగినుల మెడలో తాళ్ళు తెంచడానికి నిజామాబాద్ ఊళ్ళు తిరిగింది. ఆమె పనిని కూడా నీ పద్దులోనే రాస్తున్నాను. ఆమె ఒప్పుకునేది కాదు, నీ పాస్టర్లూ ఒప్పుకోరు. అయినా రాస్తున్నాను.