ముఖం చూపని మహా విలన్

గొంతు చించుకుని అరిచే విలన్‌ను ఎవరైనా తయారుచేస్తారు. గొంతు పెంచకుండా, కుర్చీలోంచి కదలకుండా, ముఖం కూడా చూపకుండా హాలంతటినీ ఊపిరి బిగబట్టించడం వేరే విద్య. ఆ విద్యకు పెద్దదిక్కు జేమ్స్‌బాండ్ ప్రత్యర్థి ఎర్న్‌స్ట్ స్టావ్రో బ్లోఫెల్డ్. మిగతా గూఢచారి కథల విలన్లంతా ఇతని తర్వాతే.

ఇయాన్ ఫ్లెమింగ్ 1961లో ‘థండర్‌బాల్’ నవలలో ఇతన్ని పుట్టించాడు. తన పుట్టినరోజు మే 28నే ఇతనికీ రాసిచ్చాడు. పేరేమో బడిలో తనతో చదివిన ఒకాయనదట. క్రికెట్ వ్యాఖ్యాత హెన్రీ బ్లోఫెల్డ్ ఆ ఇంటివాడేనని చెప్పుకుంటారు.

సినిమాలు మాత్రమే చూసినవాళ్ళు నవల తెరిస్తే తెల్లబోతారు. అందులో బట్టతల లేదు, పిల్లీ లేదు. భారీ మనిషి, కురచగా కత్తిరించిన నల్లజుట్టు, సిగరెట్టూ మందూ ముట్టడు. ప్యారిస్‌లో పెద్ద వీధిలో ఆఫీసు. బయటికి అది యుద్ధకాలంలో నాజీలను ఎదిరించినవారికి సాయపడే సంస్థ. లోపల రెండు అణుబాంబులు దొంగిలించి పది కోట్ల పౌండ్లు గుంజే పథకం!

ఇక అసలు పనితనం. నంబర్లతోనే పిలుచుకునే తన ముఠా సమావేశంలో లెక్కలు అడుగుతాడు. ఎత్తుకొచ్చి, డబ్బు తీసుకుని క్షేమంగా అప్పగిస్తామన్న అమ్మాయి మీద తన మనిషి ఒకడు చెయ్యి వేశాడని తెలిసింది. సగం సొమ్ము తండ్రికి తిప్పి పంపించేశాడు. ఆ తర్వాత ఏడో నంబరు వాణ్ణి లేచి నిలబడమని, కళ్ళు వాడి మీదే నిలిపి, పక్కన నిశ్చింతగా కూర్చున్న పన్నెండో నంబరు వాణ్ణి కుర్చీలోనే కరెంటుతో చంపేస్తాడు. చూపు ఒకడి మీద, చావు ఇంకొకడికి. బ్లోఫెల్డ్ సంతకం అదే.

సినిమావాళ్ళు ఈ కిటుకును ఎంత భక్తిగా పట్టుకున్నారో చూడండి. 1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో తన ముఠాలోని రోసా క్లెబ్‌ను బ్లోఫెల్డ్ నిలదీస్తుంటే ఆమె పని అయిపోయిందనుకుంటాం. విషం పూసిన బూటుకత్తి దిగేది చదరంగం మేధావి క్రాన్‌స్టీన్ కాలికి. 1965 ‘థండర్‌బాల్’లో అనుమానం పదకొండో నంబరు మీద, మంటలు తొమ్మిదో నంబరు కుర్చీలో. 1967 ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’లో తుపాకీ బాండ్ వైపు గురిపెట్టి, పేల్చేది తన మనిషి ఒసాటో మీద. నవలతో కలిపి నాలుగుసార్లూ అదే ఎత్తు, నాలుగుసార్లూ మనం బోల్తా పడతాం!

మొదటి రెండు సినిమాల్లో బ్లోఫెల్డ్ చేతులు ఆంథోనీ డాసన్‌వి, గొంతు ఎరిక్ పోల్‌మన్‌ది. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ టైటిల్స్‌లో నటుడి పేరుండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం వేశారు. ఉంగరం తొడిగిన వేళ్ళు, వాటి కింద తెల్లపిల్లి, తొందరలేని మాట. అంతే సరంజామా. నా ఓటు ఇప్పటికీ ఆ ముఖంలేని మనిషికే.

అలాగని ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’లో ముఖం చూపిన డొనాల్డ్ ప్లెజెన్స్‌ను తక్కువ చేయలేను. గాటుపడ్డ కంటితో లోకమంతా గుర్తుపట్టే రూపాన్ని ఇచ్చింది ఆయనే. సెట్ల రూపకర్త కెన్ ఆడమ్ ఆయన కోసం పైన్‌వుడ్ స్టూడియోలో అగ్నిపర్వతాన్నే కట్టాడు. సుమారు పది లక్షల డాలర్లు అయ్యిందట. విలన్ డెన్ అంటే అదీ! 1969లో టెలీ సవాలస్ స్విట్జర్లాండ్ మంచుకొండల మీద స్వయంగా స్కీయింగ్‌కు దిగే బ్లోఫెల్డ్. పెళ్ళయిన కొద్ది గంటలకే బాండ్ భార్యను పొట్టన పెట్టుకున్న దుర్మార్గం ఆ సినిమాలోదే. (రెండేళ్ళ కిందటి సినిమాలో ఎదురెదురుగా నిలబడ్డ బాండ్‌ను ఇందులో బ్లోఫెల్డ్ ఎలా గుర్తుపట్టలేదో దర్శకుణ్ణే అడగాలి.)

పతనం ఆ తర్వాతే మొదలైంది. 1971లో చార్లెస్ గ్రే చేతిలో ఇతను సరసాలాడే జమీందారయ్యాడు. ఆ పాత్ర హక్కుల గొడవ కోర్టుకెక్కడంతో 1981లో పేరైనా చెప్పకుండా, చక్రాలకుర్చీలో ఉన్న ఒక బట్టతల మనిషిని ఫ్యాక్టరీ పొగగొట్టంలో పడేశారు. నాకు కడుపు మండేది మాత్రం 2015 ‘స్పెక్టర్’ చూస్తేనే. క్రిస్టాఫ్ వాల్జ్ లాంటి నటుణ్ణి పెట్టుకుని, బాండ్‌ను పెంచిన తండ్రి కొడుకుగా చూపించి, ఈ ఘోరాలన్నీ చిన్ననాటి అసూయ వల్లనేనన్నారు. పది కోట్ల పౌండ్లకు అణుబాంబులు బేరం పెట్టిన వ్యాపారిని అన్నదమ్ముల పంచాయితీలో కూర్చోబెట్టారు!

నకళ్ళ సంగతి ఇంకా దారుణం. 1997లో ఆస్టిన్ పవర్స్ సినిమా డాక్టర్ ఈవిల్‌తో నవ్వించింది. అది తెలిసి చేసిన వెక్కిరింత, ఒప్పుకుంటాను. తెలియక చేసినవాళ్ళతోనే బాధ. గుండు, తిరిగే కుర్చీ, ఎర్రబల్బులు, పావుగంట పగలబడి నవ్వు. ఇంతా చేసి పథకం ఏమిటని అడిగితే జవాబు ఉండదు. 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్‌గా నెత్తిన పెట్టుకున్న జనం మనం. హీరోను ఇక్కడికి తెచ్చుకున్నాం, అతనికి దీటైన బుర్రను మాత్రం తెచ్చుకోలేదు.

ఇప్పుడు గూఢచారి కథ రాస్తున్న తెలుగు రచయితలకు ఒక మనవి. విలన్ గెటప్ సంగతి మేకప్ మనిషికి వదిలేయండి. ముందు అతని పథకం రాయండి, లెక్కలతో సహా. తర్వాత ఒక్క సన్నివేశంలోనైనా అతని చేత అరవకుండా మాట్లాడించండి.