తోలేస్తే తీరేది కాదు

పోయిన వారం చంద్రగిరి దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో, కళ్లెం పట్టుకుని నడుస్తున్న కుర్రవాడి భుజాన్ని గుర్రం కరిచింది. చొక్కాతో పాటు కండ కూడా లేచింది. రెండు నెలల కిందట అదే గుర్రం, గడ్డి వేయడానికి వెళ్లిన మనిషిని డొక్కలో తన్నింది. దాని యజమాని నాకు వరసకు అల్లుడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. గాయాన్ని సబ్బునీళ్లతో బాగా కడిగారా, రేబిస్ టీకా వేయించారా అని ముందు అడిగాను. కరిచింది కుక్క కాదు కదా అని ఊరుకోకూడదు, రేబిస్ గుర్రానికీ వస్తుంది. వేయించామన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"ఆడి నెల్లో తమిళనాడు అంతియూరు గుర్రాల సంతకు తోలేస్తాను మామా. దీని సంగతి తెలీనోడు ఎవుడో ఒకడు కొనకపోతాడా?"

గుర్రం కరిచిందంటే నాకు కోపం రాలేదు. ఈ మాటకు వచ్చింది. వారమంతా పోలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా నమ్మకం తెలుసు. జంతువుకు పొగరు ఉండదు, కారణం ఉంటుంది. ఎద్దు గురించి రాసినా, వీధికుక్క గురించి రాసినా నేను ఇదే రాశాను. గుర్రం విషయంలో ఆ కారణాలను వెతకడం మరీ కష్టం కాదు. గుర్రం పైదవడ కిందిదవడ కంటే వెడల్పు. నమిలేకొద్దీ పై దంతాల బయటి అంచులు కత్తుల్లా పదునెక్కి బుగ్గ లోపలి చర్మాన్ని కోస్తాయి. అలాంటి నోట్లో కళ్లెం పెట్టి లాగితే ఏ గుర్రమైనా తల విసురుతుంది, అప్పటికీ వదలకపోతే కరుస్తుంది. జీను కింద వీపు పుండు పడిందేమో, గిట్టలో నొప్పి ఉందేమో చూడాలి. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా తోక వెనకా, నుదుటి ముందూ కనిపించదు. చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చినవాడిని తన్నడం దాని దృష్టిలో ఆత్మరక్షణ. పైగా అది బీజాలు తీయని మగ గుర్రం. రాత్రిపూట డీజే, డప్పులు, టపాకాయలు, ముఖంలోకి లైట్లు, పెళ్లికొడుకును ఎక్కించుకుని గంటల తరబడి నిలబడటం. చెవులు వెనక్కి వాల్చి అది ఎన్నిసార్లు హెచ్చరించిందో ఆ గోలలో ఎవరు చూశారు?

కాబట్టి నా మొదటి ఆలోచన నేరుగా ఒకవైపే సాగింది. మంచి చేతిలో పడితే ఆ గుర్రం బాగుపడుతుంది. నా ధైర్యానికి కారణం గుర్రాలు కాదు, ఏనుగులు.

చిత్తూరు జిల్లావాళ్లకు ప్రమాదకరమైన జంతువును ఏం చేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి మన పద్ధతి ఏమిటి? డప్పులు కొట్టడం, టపాకాయలు కాల్చడం, మంద సరిహద్దు దాటితే ఊపిరి పీల్చుకోవడం. అవతలి రాష్ట్రంవాళ్లూ అదే చేస్తారు. అటు తోలితే ఇటు, ఇటు తోలితే అటు. మధ్యలో చెరకు, వరి, మామిడి పోయాయి. మనుషులు పోయారు, ఏనుగులూ పోయాయి.

2023 ఆగస్టు చివర్లో గుడిపాల మండలంలో ఒక ఒంటరి మగ ఏనుగు పొలం దగ్గర ఉన్న భార్యాభర్తలను చంపింది. సరిహద్దు అవతల తమిళనాడులోనూ ఒక మహిళ ప్రాణం తీసింది. అప్పుడు తోలెయ్యడం కుదరలేదు. రామకుప్పం మండలం నన్నియాల క్యాంపు నుంచి జయంత్, వినాయక్ అనే కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను, తెచ్చారు. మత్తు ఇచ్చి, కుంకీల సాయంతో లారీ ఎక్కించి, తిరుపతి ఎస్వీ జూకు చేర్చారు. అంతకుముందు ఎన్నో ఏళ్ల తోలుడులో లేనిది ఆ పనిలో ఒకటి కనిపించింది. ఆ ఏనుగు బాధ్యత ఫలానావారిది అని తేలింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కూడా ఈ వరసనే చెబుతుంది. ఏనుగు లాంటి జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చు. కానీ పట్టడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి మార్చడం వీలుకావని తేలితే తప్ప చంపమనకూడదు. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. చావు జాబితాలో ఉంది, కానీ చిట్టచివర ఉంది.

వేరే చోటికి మార్చడం వినడానికి సుఖంగా ఉంటుంది గానీ ప్రతిసారీ పారదు. కోయంబత్తూరు దగ్గర చిన్నతంబి అనే ఏనుగును 2019 జనవరిలో పట్టి దూరపు అడవిలో వదిలారు. అది మళ్లీ ఊళ్ల వైపు నడిచొచ్చింది. మరుసటి నెలలోనే మళ్లీ పట్టి క్యాంపుకు తీసుకుపోయారు. చివరికి దాన్ని కుంకీగా తయారుచేశారు.

నేను ఎప్పుడూ తలచుకునేది మూర్తి అనే మఖ్నా గురించి. మఖ్నా అంటే దంతాలు లేని మగ ఏనుగు. అది కేరళ, తమిళనాడు సరిహద్దుల్లో ఇరవైమందికి పైగా మనుషులను చంపింది. కేరళ కాల్చివేతకు ఆదేశించింది. 1998లో తమిళనాడు గూడలూరు ప్రాంతంలో దాన్ని పట్టుకున్నారు. ఏనుగుల డాక్టరుగా పేరున్న వి.కృష్ణమూర్తి పేరే దానికి పెట్టారు. జయమోహన్ కథ ద్వారా తెలుగు పాఠకులకూ తెలిసిన ఆ డాక్టరే. ముదుమలై తెప్పకాడు క్యాంపులో మూర్తి పాతికేళ్లు బతికింది. అంతమందిని చంపిన ఏనుగు మావటి చేతి ముద్ద తింటూ సాధువుగా బతికింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, మా అల్లుడి గుర్రం బాగుపడుతుందని వాదించడానికి అనుకున్నాను.

వాదన రాయడానికి కూర్చున్నాక అది నిలబడలేదు. మూర్తి ఎలా మారింది? క్రాల్ అనే దుంగల బోను ఉంది. డాక్టర్లు ఉన్నారు. దాని చుట్టూ కుంకీలు ఉన్నాయి. తిండి పెట్టే ప్రభుత్వం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ దాని పక్కనే ఉండే మావటి, అతని సహాయకుడు ఉన్నారు. అందుకే 2024 సెప్టెంబరులో కర్ణాటకతో మన రాష్ట్రం చేసుకున్న ఒప్పందంలో మనవాళ్లకు మావటితనం నేర్పడం కూడా ఉంది. 2025 మే నెలలో కర్ణాటక మనకు కుంకీలను అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపు వచ్చింది. కుంకీ ఒక్కటే వస్తే అదీ ప్రమాదమే. దాన్ని ఎరిగిన మనిషి ఉంటేనే కుంకీ.

మరి ఈ గుర్రానికి ఎవరున్నారు? మా అల్లుడికి అది ముహూర్తాల కాలంలో నాలుగు డబ్బులు తెచ్చే జీవం. కళ్లెం పట్టే కుర్రవాడు రోజుకూలీ, పెళ్లికి ఒకడు మారతాడు. దాని మంచితనం మీద నాకెంత నమ్మకం ఉన్నా, ఆ నమ్మకం ఖర్చు నేను కాదు, ఆ కుర్రవాడి భుజం భరిస్తుంది. కారణం ఉందని తెలిసినంత మాత్రాన దెబ్బ తగ్గదు.

మా చిన్నప్పుడు చిత్తూరులో మేం ఎక్కే జట్కా గుర్రం కరిచేది. దాని యజమాని ముసలాయన ఆ సంగతి ఏనాడూ దాచలేదు. ఎక్కేవాళ్లందరికీ, ఎన్నిసార్లు ఎక్కినా, "తలకాయ కాడికి పోవద్దు నాయనా, కరుస్తాది" అని చెప్పేవాడు. మేత, నీళ్లు, మాలిష్ అన్నీ ఆయనే. ఇంకొకరి చేతికి పగ్గం ఇచ్చేవాడు కాదు. బండి పని మానేశాక కొంటామని వచ్చినవాళ్లకూ అదే చెప్పి పంపేశాడు. అది ఆయన దొడ్లోనే ముసలిదై పోయింది. దాన్ని ఆయన మంచి గుర్రంగా మార్చలేదు. మనుషులకూ దానికీ మధ్య తాను నిలబడ్డాడు, అంతే.

కాబట్టి మా అల్లుడికి ఈ వరస చెప్పాను. ముందు పశువైద్యుడిని పిలిచి నోరు, వీపు, గిట్టలు చూపించు. పెళ్లిళ్లు ఈరోజుతో ఆపు. బీజాలు తీయించు, కానీ మర్నాటికే మారిపోతుందని ఆశపడకు. మదం తగ్గడానికి వారాలు పడుతుంది, అలవాటైన కాటు మాత్రం దానంతట అది పోదు. తర్వాత గుర్రం పని నిజంగా తెలిసిన ఒక్క మనిషికి అప్పజెప్పు. పిల్లలను ఆ దరికి పోనివ్వకు. అమ్మాలనుకుంటే అది కరిచినదీ తన్నినదీ కాగితం మీద రాసి, కొనేవాడి సంతకం తీసుకుని అమ్ము. దానికి కొనేవాడు దొరక్కపోతే, ఉంచుకునే ఓపిక నీకు లేకపోతే, వైద్యుడి అభిప్రాయం తీసుకుని నీ కళ్ల ముందే, నొప్పి లేకుండా ఇంజెక్షన్‌తో దాని ప్రాణం పోనివ్వు.

ఈ చివరి మాట నా కలం నుంచి వస్తుందని పాత పాఠకులు అనుకుని ఉండరు. ఆరోగ్యంగా తిరిగే జీవాన్ని చంపమనడం నాకు తేలిక కాదు. కానీ అంతియూరు సంతలో ఆ గుర్రాన్ని కొనబోయే మనిషిని ఊహించుకున్నాను. అతని ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. కరిచిన రోజున అతను దాన్ని కొడతాడు, తిండి తగ్గిస్తాడు, ఇంకో సంతకు తోలతాడు. ప్రతి సంతలోనూ గుర్రానికి భయం పెరుగుతుంది, కొనేవాడికి తెలిసేది తగ్గుతుంది. చేతులకు రక్తం అంటకూడదని మనం ఎంచుకునే ఆ దారిలోనే రక్తం ఎక్కువ.

అల్లుడికి ఇది నచ్చలేదు. "నలభై వేలు నష్టం మామా" అన్నాడు. నష్టమే. ఆ నష్టం గుర్రం యజమానిది. ఎక్కడో దాని పక్కన నిలబడబోయే తెలియని కుర్రవాడిది కాదు. ఆదివారం పశువైద్యుడిని వెంటబెట్టుకుని నేనే వెళ్తున్నాను. వీపు మీద పుండే దొరికితే అందరికంటే సంతోషించేది నేనే. దొరక్కపోయినా ఆ గుర్రం సంగతి దాని సొంత దొడ్లోనే తేలాలి, సంతలో కాదు.