కోడ్ లేని నిర్మాణము – ఒక విమర్శ

ప్రోగ్రామరుల తోడ్పాటు లేకయే ఉద్యోగులు తమకు వలసిన సాఫ్ట్‌వేరును తామే నిర్మించుకొనవచ్చునను వాదము నేడు సంస్థలయందు ప్రబలముగా వినవచ్చుచున్నది. ‘లో-కోడ్’ అను పేరును 2014లో ఫారెస్టర్ పరిశోధన సంస్థ వాడుకలోనికి దెచ్చినది. పేరు క్రొత్తది, ఆశ ప్రాతది. 1959లో ఆరంభమైన కోబాల్ భాష ఇంగ్లీషు వాక్యములను పోలియుండుటకు కారణము, ప్రోగ్రామరులు కానివారు సైతము దానిని చదువగలుగవలెనను తలంపే. 1982లో జేమ్స్ మార్టిన్ ప్రోగ్రామరులు లేని సాఫ్ట్‌వేరు నిర్మాణమును గూర్చి గ్రంథమునే వెలువరించెను. తరువాతి కాలమున ప్రోగ్రామరుల సంఖ్య తరుగలేదు, పెరిగినది.

ఐనను ఈ వాదమును పూర్తిగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 1979లో వెలువడిన విసికాల్క్ అను పట్టికల సాధనము లెక్కలు వ్రాయువారికి క్రొత్త చేవ నొసగినది. సెలవుచీటి ఎవరి బల్లపై నిలిచిపోవునో గుమాస్తా యెరిగినట్లు పరాయివాడెరుగడు. అట్టివాడు తెరపై గడులను కూర్చి తన పనికి దగిన రూపము నేర్పరచుకొనుట మెచ్చదగినదే.

లోపమెచ్చటననగా, కోడ్ వ్రాయు శ్రమ తొలగగనే ఆలోచించు శ్రమయు తొలగినదని భ్రమించుటలో నున్నది. గణములు, యతిప్రాసలు సరిపడినంతమాత్రమున పద్యము కావ్యము కాజాలదు కదా! మైక్రోసాఫ్ట్ వారి పవర్ యాప్స్‌తో పలు ప్రభుత్వ శాఖలును, వ్యాపార సంస్థలును నిర్మించుకొనిన పోర్టళ్లనుండి 3 కోట్ల 80 లక్షల నమోదులు ఎల్లరకు అందుబాటులో నుండెనని 2021 ఆగస్టులో అప్‌గార్డ్ అను భద్రతా సంస్థ వెల్లడించినది. సాధనము విరుగలేదు, ఎవరేమి చూడవచ్చునో నిర్ణయించు అనుమతులను అమలుపరుపలేదు. మైక్రోసాఫ్ట్ పిమ్మట ఆ రక్షణ క్రొత్త పోర్టళ్లలో మొదటినుండియే అమలగునట్లు మార్చినది.

రెండవది పరాధీనత. గూగుల్ తన యాప్ మేకర్ సాధనమును 2021 జనవరి 19న మూసివేసినది. దానితో గూర్చిన నిర్మాణములను ఉన్నవున్నట్లు వేరొకచోటికి తరలించు వీలు లేకపోయెను. అద్దె యింటిలో నాటిన చెట్టు నీడనిచ్చును గాని, ఇల్లు వీడునాడు వెంటరాదు.

కావున ఇట్టి సాధనమును చేపట్టు సంస్థ మూడు ప్రశ్నలకు ముందుగానే సమాధానము వ్రాసిపెట్టుకొనవలెను: సమాచారము నెవరెవరు చూడవచ్చును? కూర్చినవాడు వెడలినచో నడుపువారెవరు? సాధనము మూతపడినచో సమాచారమును వెలికి దీయు మార్గమేది? సభ్యుల పేర్లు, చిరునామాలు భద్రపరచుకొను మన తెలుగు సంఘములకును ఇవి వర్తించును. చేయి సులువైనకొలది మనస్సు మరింత మెలకువతో నుండవలెను.