సున్నా కన్నా ముందుండే గుర్తు

1.9 పెద్దదా, 1.10 పెద్దదా? దశాంశాల లెక్కలో 1.9. సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో మాత్రం 1.10, తొమ్మిది తర్వాత వచ్చేది పది కనక. డెబియన్ లినక్స్‌లో ఈ తీర్పు చెప్పేది ప్యాకేజీలను నిర్వహించే ప్రోగ్రాం డీపీకేజీ. అది పొరబడితే సెక్యూరిటీ లోపం సరిచేసిన ప్యాకేజీని పాతదనుకుని పక్కన పెట్టేస్తారు.

వెర్షన్‌ను అది ఎడమ నుంచి చదువుతూ అంకెల ముక్కలుగా, అంకెలు కాని ముక్కలుగా విడదీసి జతజతగా పోలుస్తుంది. నన్ను కట్టిపడేసింది అంకెలు కాని ముక్కల్లో ఏది ముందో తేల్చే ఫంక్షన్. నాలుగైదు షరతులు, అంతే. అక్షరానికి దాని ఆస్కీ విలువ. చుక్క, ప్లస్ లాంటివాటికి ఆ విలువ మీద మరో 256, అక్షరాల వెనక్కి వెళ్ళడానికి. ముక్క అయిపోతే సున్నా. టిల్డ్ (~) గుర్తుకు మాత్రం మైనస్ ఒకటి!

అంటే టిల్డ్ శూన్యం కన్నా ముందుంటుంది. 1.0ఆర్‌సీ1 అని రాస్తే, చివర అక్షరాలున్నాయి కాబట్టి అది 1.0 కన్నా కొత్తదైపోతుంది. 1.0~ఆర్‌సీ1 అని రాస్తే పరీక్షకు వదిలిన కూర్పు అసలు విడుదలకు ముందే నిలుస్తుంది. పాత డెబియన్ కోసం తిరిగి కట్టిన ప్యాకేజీలకు ~బీపీఓ తగిలించేదీ ఇందుకే: 2.4-1~బీపీఓ12+1 వాడుతున్నవారు డెబియన్ కొత్త విడుదలకు మారితే, అక్కడున్న 2.4-1 దాని చోటు తీసుకుంటుంది. ఇంత పనిని ఒక్క మైనస్ గుర్తుతో సాధించడం గొప్ప పనితనం.

వెర్షన్లకు అంకెలు వేసే పద్ధతే మారిపోతే వెర్షన్ ముందు ఎపాక్ అనే అంకె చేరుస్తారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీకి 1:, విమ్ ప్యాకేజీకి 2: ఉన్నాయి. మొరటు మందే, ఒకసారి పెట్టాక తీసే వీలుండదు.

అంకెల దగ్గరా ఇదే శ్రద్ధ. డీపీకేజీ అంకెల వరుసను సంఖ్యగా మార్చదు. ముందున్న సున్నాలు దాటేసి, మొదట తేడా వచ్చిన చోటు గుర్తుంచుకుని నడుస్తుంది. ఒకవైపు అంకెలు ఇంకా మిగిలుంటే అదే పెద్దది. రెండూ ఒకేసారి అయిపోతేనే ఆ తేడా చూస్తుంది. కాబట్టి 20240115093000 లాంటి తేదీ వెర్షనైనా పూర్ణసంఖ్యకు కేటాయించిన చోటులో పట్టదన్న బెంగ లేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన అక్షరకూర్పు ప్రోగ్రాం టెక్‌కు సవరణ చేసినప్పుడల్లా వెర్షన్‌లో పై (π) విలువలోని మరో అంకె చేరుస్తారు; 2021లో 3.14159265 కాస్తా 3.141592653 అయింది. దాన్నీ ఈ పద్ధతి సరిగ్గానే తేలుస్తుంది. చుక్క తర్వాత ఒకదానిలో ఎనిమిది అంకెలు, రెండోదానిలో తొమ్మిది. పై అంటే ఏమిటో డీపీకేజీకి తెలియనక్కర్లేదు.