అంకె పెంచితే వేడి అందదు

టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్ ఇప్పుడు అరుదైన వస్తువేమీ కాదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే నాలుగైదు రకాలు ముందు పెడతారు. చిన్న ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి బల్ల మీదా ఒకటి ఉంటుంది. అయితే దాని డిస్‌ప్లే వైపు చూస్తే చాలాచోట్ల 420, 450 లాంటి అంకెలు వెలుగుతుంటాయి. అంత ఎందుకు అంటే వచ్చే జవాబు ఒకటే: "తక్కువ పెడితే లెడ్ కరగట్లేదండీ." ఈ వారం ఈ ఒక్క జవాబు గురించే మాట్లాడాలనుంది. లెడ్ కరగకపోవడానికి చాలాసార్లు కారణం సోల్డరింగ్ ఐరన్ మొనకు ఉండే బిట్‌లో వేడి చాలకపోవడం కాదు, ఉన్న వేడి జాయింటు దాకా చేరకపోవడం. స్టేషన్ కొన్నవాళ్ళు నాబ్ తిప్పడం మానుకుని బిట్ మార్చడం అలవాటు చేసుకుంటేనే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుందని నా వాదన.

ముందు లోహం సంగతి చూద్దాం. బజారులో ఎక్కువగా దొరికే సోల్డర్ తీగ తగరం, సీసం కలిపినది. మనవాళ్ళు ఏ సోల్డర్‌నైనా లెడ్ అనే అంటారు, అందులో సీసం రవ్వంత లేకపోయినా సరే. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉన్న రకం సరిగ్గా 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా నీరవుతుంది. 60-40 రకం అక్కడే మెత్తబడటం మొదలెట్టి 190 దరిదాపుల్లో పూర్తిగా కరుగుతుంది. యూరప్‌లో 2006 జులై 1 నుంచి సీసం మీద ఆంక్షలు అమలయ్యాక ఫ్యాక్టరీల్లో బాగా వాడుకలోకి వచ్చిన మిశ్రమంలో 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, అర శాతం రాగి ఉంటాయి. అది కరిగేది 217కీ 220కీ మధ్య. అంటే మన బల్ల మీదికి వచ్చే మామూలు బోర్డుల్లో సోల్డర్ ఏదైనా 230 లోపే కరుగుతుంది. మరి బిట్‌ను 350కి పెట్టడం ఎందుకంటే, నీళ్ళు పారడానికి వాలు ఎలా కావాలో వేడి పారడానికీ తేడా అలాగే కావాలి. బిట్‌కీ జాయింటుకీ మధ్య నూరు, నూటయాభై డిగ్రీల తేడా ఉంటే రెండు మూడు సెకన్లలో పని పూర్తవుతుంది. సీసం ఉన్నదానికి 320 నుంచి 350, లేనిదానికి 350 నుంచి 370 అని చేయి తిరిగినవాళ్ళు పెట్టుకునే హద్దులు ఈ లెక్క నుంచే వచ్చాయి. బిట్ 350 దగ్గర ఉండి కూడా 183 దగ్గర కరిగే లోహాన్ని కరిగించలేకపోతోందంటే, తప్పు అంకెలో వెతకడం దండగ.

దోసెలు పోసేవాళ్ళకు ఈ విషయం విడమర్చి చెప్పనక్కర్లేదు. పల్చటి పెనం భగ్గున వేడెక్కుతుంది, పిండి పడగానే చల్లబడిపోతుంది. సెగ పెంచితే అంచులు మాడతాయి, నడుమ పచ్చిగానే ఉంటుంది. మందపాటి ఇనప పెనం నిదానంగా వేడెక్కినా పిండి పోశాక నిలబడుతుంది. సోల్డరింగ్ బిట్ కూడా ఒక పెనమే. ఒక గ్రాము రాగి ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 0.385 జౌళ్ళ వేడి వదులుతుంది. అయిదు గ్రాముల రాగి ఉన్న బిట్ 350 నుంచి 250కి పడితే జాయింటుకు ముట్టేది దాదాపు 190 జౌళ్ళు. సూది మొనలాంటి బిట్‌లో చివర పనికొచ్చే రాగి ఒక గ్రామే ఉందనుకుంటే దక్కేది 40 జౌళ్ళ లోపే. 50 వాట్ల హీటరు 190 జౌళ్ళ లోటు పూడ్చాలంటే దాదాపు నాలుగు సెకన్లు కావాలి, అదీ హీటరు నుంచి మొన దాకా దారి సాఫీగా ఉంటేనే. ఇక్కడ ఆకారం మాట కూడా ఉంది. సూది మొన బోర్డుకు ఒక చుక్కంత మేర తగులుతుంది. ఉలి ఆకారపు బిట్ తన చదునైన వైపుతో ప్యాడ్‌నీ, పార్టు కాలునీ ఒకేసారి ఆనుకుంటుంది. స్టేషన్‌తో పాటు పెట్టెలో తరచూ వచ్చేది సూది మొన బిట్. చాలామంది దాన్నే అరిగేదాకా వాడతారు. గ్రౌండ్‌కు కలిసిన కాలు దగ్గరకు వచ్చేసరికి, బోర్డు లోపల పరుచుకున్న రాగి రేకు వేడినంతా లాగేసుకుంటుంది, లెడ్ ఉండలు కట్టి కూర్చుంటుంది. అప్పుడు చేయి నాబ్ మీదికి పోతుంది. పోవాల్సింది వెడల్పాటి ఉలి బిట్ మీదికి.

నాబ్ పెంచితే మాత్రం పోయేదేముంది, పని జరుగుతోందిగా అంటారు. ఏం పోతుందో ఒక్క జాయింటును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సరైన వేడిలో బిట్ ఆనించి తీగ అందిస్తే ముందుగా తీగ కడుపులోని రోజనం కరిగి పల్చటి నూనెలా ప్యాడ్ మీద పాకుతుంది. రాగి మీది తుప్పు పొరను అది తీసేశాక దాని వెనకే లెడ్ వస్తుంది. ఉండగా ఉన్నది ఒక్కసారి నడుం వంచినట్టు జారి కాలు చుట్టూ పరుచుకుని, అంచులు పల్చబడి, లోపలికి వంగిన వాలులా నిలుస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల వ్యవహారం. ఇదే పని 450 దగ్గర చేస్తే రోజనం పాకకముందే పొగైపోతుంది. లెడ్ కరుగుతుంది గానీ తడపదు, బురద ముద్దలా అంటుకుంటుంది. పైకి అతికినట్టే కనిపించి నెల తిరక్కుండా డ్రై అయిపోయే జాయింట్లలో చాలావాటి పుట్టుక ఇదే. లోపల ఇంకొకటి జరుగుతుంది. తగరం, రాగి కలిసిన చోట మైక్రాన్ల మందంలో ఒక కొత్త పదార్థపు పొర ఏర్పడుతుంది. అతుకు నిజంగా నిలిచేది ఆ పొర మీదే. కానీ అది పెళుసు. వేడీ, సమయమూ పెరిగేకొద్దీ మందమవుతుంది, మందమైనకొద్దీ బీటకు దగ్గరవుతుంది. మామూలు బోర్డుల్లోని ఫైబర్‌గ్లాస్ పలక 130, 140 డిగ్రీల దగ్గరే బిగువు సడలుతుంది. అంత సడలిన పలక మీద రాగి ప్యాడ్‌ను 450 డిగ్రీల మొనతో అదిమితే ట్రాక్ లేచి రావడంలో ఆశ్చర్యమేముంది? బిట్‌కూ ఆయుష్షు తగ్గుతుంది. రాగి బిట్ మీద ఉండే ఇనప పూతను కరిగిన తగరం మెల్లగా తినేస్తూ ఉంటుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా తింటుంది. సీసం లేని సోల్డర్‌లో తగరమే ఎక్కువ కాబట్టి అక్కడ అరుగుదల మరీ ఎక్కువ. నల్లబడిన బిట్‌కు లెడ్ అంటదు. అంటకపోతే వేడి దిగదు. దిగట్లేదని నాబ్ మళ్ళీ పెంచుతారు, బిట్ మరింత నల్లబడుతుంది.

నా వాదనకు బలమైన సాక్ష్యం పరిశ్రమలోనే ఉంది. ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా మన్నన పొందిన రెండు రకాల స్టేషన్లలో అసలు నాబే లేదు. వెల్లర్ కంపెనీ మాగ్నాస్టాట్ పద్ధతిలో బిట్ తోక దగ్గర ఒక చిన్న అయస్కాంత లోహపు ముక్క ఉంటుంది. ప్రతి అయస్కాంత లోహానికీ ఒక హద్దు ఉంది, దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఆ హద్దు దాటితే ఆకర్షణ పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ ముక్క సోల్డరింగ్ ఐరన్‌లోని అయస్కాంతాన్ని లాక్కుంటుంది, స్విచ్ పడి హీటరు మండుతుంది. హద్దు తాకగానే పట్టు వదులుతుంది, హీటరు ఆగుతుంది. బిట్ వెనక 6, 7, 8 అని అంకె వేసి ఉంటుంది. 7 అంటే 700 ఫారెన్‌హీట్, మన లెక్కలో 370 డిగ్రీలు. వేడి మార్చాలంటే బిట్ మార్చాల్సిందే. మెట్‌కాల్ కంపెనీ ఇదే సూత్రాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళింది. 13.56 మెగాహెర్ట్జ్ కరెంటును బిట్‌లోకే పంపి, క్యూరీ హద్దు రాగానే బిట్ తనంతట తాను వేడి తీసుకోవడం తగ్గించేలా చేసింది. జాయింటు ఎంత వేడి లాగితే బిట్ అంత శక్తి తీసుకుంటుంది, డిగ్రీలు మాత్రం పెరగవు. రోజంతా సోల్డరింగే పనిగా ఉన్న చోట కోసం తయారైన పనిముట్లు ఇవి. వాటిని రూపొందించినవాళ్ళు పనివాడి చేతికి అంకెను ఇవ్వకూడదనీ, బిట్‌ను ఇవ్వాలనీ నిర్ణయించారు. ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన మన బల్లల దాకా ఇంకా రాలేదు.

పాతతరం రేడియో మెకానిక్కులు పాతిక వాట్ల మామూలు ఐరన్‌తో జీవితమంతా అద్భుతంగా పనిచేశారు కదా, వాళ్ళకు లేని అవసరం మనకెందుకు అన్నది గౌరవంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. వాళ్ళ దగ్గరా కంట్రోల్ ఉంది, అది చేతిలో ఉంది. తడిగుడ్డ మీద బిట్ రాసినప్పుడు వచ్చే చుయ్యిమనే చప్పుడును బట్టి, పొగ రంగును బట్టి, ప్లగ్గు ఎప్పుడు తీయాలో ఎప్పుడు పెట్టాలో వాళ్ళకు తెలుసు. ఊదుగొట్టంతో టంకం పెట్టే కంసాలికి బంగారం రంగు ఏం చెబుతుందో, ఐరన్ వాళ్ళకు అదే చెప్పింది. అయితే వాళ్ళ ముందున్నవి ఒకే వైపు రాగి ఉన్న బోర్డులు, లావుపాటి కాళ్ళు, సీసం కలిసిన లెడ్. ఇవాళ్టి బోర్డు మీద ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న పార్టు మామూలు. ఇంకో సంగతి కూడా ఉంది, మన పల్లెలకు అది బాగా వర్తిస్తుంది. మామూలు ఐరన్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 25 వాట్లు ఇచ్చే ఐరన్ 190కి పడితే 17 వాట్లే ఇస్తుంది, 250కి లేస్తే 29 దాటుతుంది. సాయంత్రం మోటార్లు ఆడే వేళ ఒక వేడి, అర్ధరాత్రి ఇంకో వేడి. స్టేషన్‌లో సెన్సర్ ఉంటుంది కాబట్టి వోల్టేజీ తగ్గితే హీటరు కాస్త ఎక్కువసేపు మండుతుంది అంతే, బిట్ 340 దగ్గరే నిలుస్తుంది. నిలకడైన కరెంటు లేని చోటే స్టేషన్ అవసరం ఎక్కువ. దాన్ని పట్నం విలాసంగా చూడటం పొరపాటు.

నాబ్ తిప్పకూడదనుకుంటే కంపెనీలు దాన్ని పెట్టడమెందుకు అనవచ్చు. నిజమే, తిప్పాల్సిన సందర్భాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే ఎనామెల్ రాగి తీగల్లో కొన్ని రకాల పూత సోల్డర్ వేడికే కాలి ఊడిపోతుంది, కానీ దానికి 390, 400 డిగ్రీలు కావాలి. ప్లాస్టిక్ కనెక్టర్ల దగ్గర తగ్గించాలి. తీగ రకం మారితే మార్చాలి. ఇవన్నీ పని మొదలెట్టే ముందు ఆలోచించి చేసే మార్పులు. జాయింటు మొండికేసిందని పని మధ్యలో పెంచడం వీటి కోవలోకి రాదు. దళసరి బోర్డు ఎంతకీ లొంగకపోతే కింద నుంచి ప్రీహీటర్‌తో బోర్డునే నూరు డిగ్రీల దాకా వెచ్చబెట్టడం మేలు. అప్పుడు 360 దగ్గర ఉన్న బిట్టే సరిపోతుంది.

ఇక డిస్‌ప్లే మీది అంకె నిజమేనా అన్న అనుమానం న్యాయమైనది. ఆ అంకె సెన్సర్ చెప్పేది, మొన చెప్పేది కాదు. పాత హాకో 936 తరహా స్టేషన్లలో, వాటి నకళ్ళలో, బోలు బిట్ లోపల సిరామిక్ హీటరు విడిగా ఉంటుంది, మధ్య సన్నటి గాలి ఖాళీ ఉంటుంది. హాకో టీ12 తరహా బిట్లలో హీటరు, సెన్సర్, మొన ఒకే ముక్క కాబట్టి తేడా తక్కువ, స్పందన చురుకు. ఫ్యాక్టరీల్లో బిట్ థర్మామీటరుతో సరిచూస్తారు. అది లేనివాళ్ళకూ ఒక దారి ఉంది. 63-37 తీగ 183 దగ్గర కరగడం ప్రకృతి పెట్టిన గుర్తు. శుభ్రమైన, లెడ్ పూసిన బిట్‌తో స్టేషన్‌ను 200 దగ్గర పెట్టి, కుదురుకున్నాక తీగ తాకించండి. నిదానంగానైనా కరిగితే డిస్‌ప్లే మరీ ఎక్కువ చూపించట్లేదని నమ్మవచ్చు. కరగకపోతే డిస్‌ప్లే ఎక్కువ చూపిస్తోందని తెలుస్తుంది, ఎంత ఎక్కువో అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ పోతే తేలుతుంది. అదే రోజు ఇంకో పరీక్ష కూడా చేయాలి. ప్లగ్గు తీసేసి, మల్టీమీటరు ఒక కొన బిట్‌కూ ఇంకో కొన ప్లగ్గు లావు పిన్నుకూ పెట్టండి. కొద్ది ఓములకు మించి చూపిస్తే బిట్‌కు ఎర్త్ అందట్లేదు. ఐసీలు పాడవడానికి ఇది చాలు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైరు ఉందని కూడా అనుకోకండి, మన ఇళ్ళలో అది ఉత్త రంధ్రంగానే మిగిలిపోయిన చోట్లు చాలా ఉన్నాయి.

ఖర్చు మాట కూడా తీసేయలేం. మామూలు ఐరన్ కంటే స్టేషన్ ధర కొన్ని రెట్లు ఎక్కువ, నేర్చుకునే కుర్రవాళ్ళకు అది బరువే. అయితే అలా ఖర్చుకు వెనకాడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఖరీదైన స్టేషన్‌తో ఒక్క సూది మొన బిట్ కంటే చవక స్టేషన్‌తో మూడు మంచి బిట్లు నయం. రెండున్నర మిల్లీమీటర్ల ఉలి బిట్ ఒకటి, అయిదు మిల్లీమీటర్ల దరిదాపుల్లో వెడల్పాటిది ఒకటి, ఐసీ కాళ్ళ మీద లాగడానికి కత్తి ఆకారంలోది ఒకటి. వీటిని కాపాడుకోవడానికి తడి స్పాంజి కంటే ఇత్తడి పీచు మంచిది, బిట్‌ను ఒక్కసారిగా చల్లార్చదు. పది నిమిషాలు లేచి వెళ్ళేటప్పుడు 200కి దించడమో, ఆపేయడమో చేయాలి. సాయంత్రం పని ముగించేటప్పుడు బిట్ తుడిచి పెట్టేయకూడదు. ఇంకా వేడిగా ఉండగానే మొన నిండా లెడ్ పూసి, ఆ ముద్ద అలాగే ఉండగా స్విచ్ తీసేయాలి. రాత్రంతా గాలి తగిలేది ఆ లెడ్‌కే, కింది ఇనప పూతకు కాదు. పొద్దున స్టేషన్ వేడెక్కాక ఆ ముద్దను ఇత్తడి పీచులోకి ఒక్క విసురు విసిరితే కింద మొన వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది.